సెడ్, టోల్డ్, డినైడ్, క్లెయిమ్డ్: ఎవరో అన్న మాటని ఇంగ్లీష్‌లో చెప్పేటప్పుడు ఏది వాడాలి

ఆఫీసులో ఒక ఫైల్ మాయమైందనుకుందాం. ఎవరు తీసేశారని అడిగితే టీమ్‌లో ఒకతను "ఐ డిడ్ నాట్ డిలీట్ ది ఫైల్" అన్నాడు. ఈ ఒక్క ముక్కని మీరు మెయిల్‌లో పైవాళ్లకి చేరవేయాలి. "హి సెడ్ హి హ్యాడ్ నాట్ డిలీటెడ్ ది ఫైల్" అని రాయొచ్చు, "హి డినైడ్ డిలీటింగ్ ది ఫైల్" అనొచ్చు, "హి క్లెయిమ్డ్ హి హ్యాడ్ నాట్ డిలీటెడ్ ఇట్" అనొచ్చు, "హి ఇన్సిస్టెడ్ దట్ హి హ్యాడ్ నాట్ డిలీటెడ్ ఇట్" అని కూడా అనొచ్చు. నాలుగింటిలో దేనికీ గ్రామర్ పరంగా వంక పెట్టడానికి లేదు. కానీ మెయిల్ చదివే మేనేజర్‌కి మాత్రం నాలుగు వేరువేరు కథలు కనిపిస్తాయి. సెడ్ అంటే అతను అన్నాడు, నేను చెప్తున్నాను, అంతవరకే. డినైడ్ అనగానే ఎవరో అతని మీద నింద వేశారన్న సంగతి వాక్యంలోకి వచ్చి కూర్చుంటుంది, నిజానికి ఎవరూ వేయకపోయినా సరే. క్లెయిమ్డ్ అంటే "ఆయన అలా అంటున్నాడు గానీ..." అని మీరు పక్కకి తిరిగి కన్నుగీటినట్టు. ఇన్సిస్టెడ్ అంటే చుట్టూ ఉన్నవాళ్లు నమ్మలేదు, అయినా అతను పట్టు వదల్లేదు అని.

రిపోర్టెడ్ స్పీచ్ అనగానే మనందరికీ గుర్తొచ్చేది టెన్స్‌లు మార్చే పట్టిక. ఈజ్ ఉంటే వాజ్, విల్ ఉంటే వుడ్, టుమారో ఉంటే ది నెక్స్ట్ డే. ఆ పట్టిక నేర్చుకోవడం పెద్ద కష్టమేం కాదు, కాస్త కూర్చుంటే వచ్చేస్తుంది. కష్టమంతా ఎంపికలో ఉంది. అన్న మాటని ఉన్నదున్నట్టు కోట్ చేయాలా, సారాంశం చెప్తే చాలా? టెన్స్ వెనక్కి జరపాలా, అలాగే ఉంచొచ్చా? అన్నిటికన్నా ముఖ్యంగా ఏ క్రియ వాడాలి? నన్నడిగితే క్రియ సంగతే ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే అది తేలిందంటే దాని వెనక దట్ రావాలా, టు రావాలా, ఇంగ్ రూపం రావాలా అన్నది ఆ క్రియే చెప్పేస్తుంది. చాలామంది వాక్యం మొత్తం మనసులో కట్టేసుకుని చివర్లో క్రియ అతికిస్తారు, తప్పులు దొర్లేది అక్కడే.

కోట్ చేయాలా, సారాంశం చెప్పాలా

అన్న విషయం కాదు, అన్న మాటే ముఖ్యమైన చోట డైరెక్ట్ స్పీచ్ వాడండి. బెదిరింపు, తిట్టు, హామీ, ఒప్పందంలో షరతు, రాతపూర్వక ఫిర్యాదు, ఇలాంటివన్నీ ఈ కోవలోకి వస్తాయి. ఒకాయన "ఐ విల్ ట్రై టు పే బై ఫ్రైడే" అంటే, మీరు "హి ప్రామిస్డ్ టు పే బై ఫ్రైడే" అని రాశారనుకోండి, ఆ ట్రై అన్న మాటని మింగేసినట్టే. శుక్రవారం డబ్బు రాకపోతే ఆయన నేనెప్పుడు ప్రామిస్ చేశాను అంటాడు, మీ మెయిల్ చూపించి మీరు గెలవలేరు. ఇలాంటి చోట కోట్ పెట్టేసి చేతులు దులుపుకోవడమే మంచిది.

మిగతా చోట్లన్నీ ఇన్‌డైరెక్టే మేలు. మీటింగ్‌లో ఐదుగురు మాట్లాడినవన్నీ కోట్ల మధ్య పెట్టి రాస్తే అది నాటకం స్క్రిప్ట్‌లా ఉంటుంది తప్ప మినిట్స్‌లా ఉండదు.

మూడో దారి ఒకటుంది, జర్నలిస్టులు రోజూ వాడేది, మనం ఎందుకో తక్కువ వాడతాం. వాక్యమంతా ఇన్‌డైరెక్ట్‌లో నడిపి, పదునైన ముక్క ఒక్కదాన్నే కోట్‌లో పెట్టడం. "హి సెడ్ ది ప్లాన్ వాజ్ 'రెక్‌లెస్' అండ్ ఆస్క్‌డ్ ఫర్ మోర్ టైమ్." రెక్‌లెస్ అన్న మాట ఆయనది, నాది కాదు అని స్పష్టంగా తెలిసిపోతుంది, వాక్యం కూడా పొట్టిగా ఉంటుంది. ఒక్కటే షరతు, కోట్ మార్కుల మధ్య పెట్టింది అక్షరాలా ఆ మనిషి అన్నదే అయ్యుండాలి, మీ మాటల్లోకి మార్చినదాన్ని కోట్‌లో పెట్టకూడదు. మార్కుల విషయానికొస్తే అమెరికన్ పద్ధతిలో డబుల్ కోట్స్ పెడతారు, కామా, ఫుల్‌స్టాప్ కోట్ లోపలే ఉంటాయి. బ్రిటిష్ ప్రచురణల్లో ఎక్కువగా సింగిల్ కోట్స్ కనిపిస్తాయి, చిన్న ముక్కని కోట్ చేసినప్పుడు ఫుల్‌స్టాప్ సాధారణంగా బయట ఉంటుంది. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే పాటించండి.

చాట్‌లో, కబుర్లలో "షి వాజ్ లైక్, నో వే!" అని వినే ఉంటారు. 1980ల నుంచి అమెరికన్ భాషా శాస్త్రవేత్తలు దీని మీద రాస్తూనే ఉన్నారు, ఇది వట్టి సోమరి మాట కాదు. అక్షరాలా ఆమె అన్నదే కానక్కర్లేదు, ఆమె ముఖం పెట్టిన తీరు, మనసులో అనుకున్నది కూడా దీంతో చెప్పొచ్చు. స్నేహితుల మధ్య హాయిగా వాడుకోండి, మెయిల్‌లో మాత్రం వద్దు.

ఇంకో సంగతి, ఇది తెలుగువాళ్లకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు. మన పరోక్ష కథనంలో "తను రేపు వస్తానన్నాడు" అంటాం. తను అని ప్రథమ పురుష పెట్టినా క్రియ మాత్రం వస్తాను అని ఉత్తమ పురుషలోనే ఉండిపోతుంది, 'అని' అన్న మాట మధ్యలో నిలబడి అంతా సర్దేస్తుంది. ఆ అలవాటు మీదే ఇంగ్లీష్‌లోకి వెళ్తే "హి సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో" అని వచ్చేస్తుంది. ఇది చదివిన ఇంగ్లీష్ పాఠకుడికి రేపు వచ్చేది అతను కాదు, మీరు! టెన్స్ తప్పయితే పాఠకుడు సర్దుకుని చదువుకుంటాడు గానీ, ఇక్కడ మనిషే మారిపోతాడు. కాబట్టి టెన్స్ కన్నా ముందు ప్రొనౌన్ చూసుకోండి. దట్ తర్వాత వచ్చే ఐ, యు, వి ప్రతిదాన్నీ రాస్తున్న మీ వైపు నుంచి లెక్కేసుకోవాలి, మాట్లాడిన మనిషి వైపు నుంచి కాదు.

సే, టెల్, ఆస్క్: వింటున్నది ఎవరు

టెల్ తర్వాత మనిషి ఉండాలి, సే తర్వాత ఉండకూడదు, ఉంటే టు కావాలి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం తప్పులు పోతాయి. "హి టోల్డ్ దట్ ది మీటింగ్ వాజ్ క్యాన్సిల్డ్" తప్పు, "హి టోల్డ్ మి" అనాలి లేదా "హి సెడ్" అనాలి. ట్రూత్, లై, స్టోరీ, టైమ్ లాంటివి మాత్రం మినహాయింపు, టెల్ ది ట్రూత్, టెల్ ఎ లై, టెల్ ది టైమ్ అనేటప్పుడు మనిషి లేకపోయినా పర్లేదు.

టెల్ జాతిలోనే ఇన్ఫార్మ్, అష్యూర్, రిమైండ్, నోటిఫై, కన్విన్స్ ఉన్నాయి. ఆఫీసు మెయిళ్లలో "హి ఇన్ఫార్మ్డ్ దట్ ది సర్వర్ ఈజ్ డౌన్" అన్న వాక్యం ఎన్నిసార్లు కనిపిస్తుందో చెప్పలేను. ఎవరికి ఇన్ఫార్మ్ చేశాడు? "ఇన్ఫార్మ్డ్ అజ్" అనాలి, లేదంటే ఆ బరువైన మాట వదిలేసి "సెడ్" అంటే సరిపోతుంది. రెండో వైపున సే జాతిలో ఎక్స్‌ప్లెయిన్, మెన్షన్, సజెస్ట్, డిస్క్రైబ్, కంప్లెయిన్, అడ్మిట్ ఉన్నాయి, వీటికి మనిషిని చేర్చాలంటే మధ్యలో టు పడాల్సిందే. "ఎక్స్‌ప్లెయిన్డ్ మి" కాదు, "ఎక్స్‌ప్లెయిన్డ్ టు మి". డిస్కస్ మాత్రం ఈ రెండిట్లో చేరదు, "డిస్కస్డ్ అబౌట్ ది బడ్జెట్" అనకూడదు, అబౌట్ తీసేయాలి.

ఆస్క్ దగ్గర ఒక చిన్న తేడా చూడండి. "హి ఆస్క్‌డ్ టు లీవ్ ఎర్లీ" అంటే త్వరగా వెళ్లాలనుకుంటున్నది అతనే, అనుమతి అడుగుతున్నాడు. "హి ఆస్క్‌డ్ మి టు లీవ్ ఎర్లీ" అంటే వెళ్లాల్సింది నేను. మధ్యలో మి ఒక్కటి వచ్చేసరికి బ్యాగు సర్దుకునే మనిషి మారిపోయాడు.

పని చెప్పడం గురించి రాసేటప్పుడు టోల్డ్‌కీ ఆస్క్‌డ్‌కీ మధ్య మర్యాదలో తేడా ఉంది. "షి టోల్డ్ మి టు సెండ్ ది రిపోర్ట్" అంటే ఆదేశం, "షి ఆస్క్‌డ్ మి టు సెండ్ ది రిపోర్ట్" అంటే కోరిక. క్లయింట్‌కి రాసే మెయిల్‌లో "యు టోల్డ్ మి టు" అని మొదలుపెడితే తప్పంతా మీదే అని వేలు చూపిస్తున్నట్టు వినిపిస్తుంది, అందుకని అక్కడ ఆస్క్‌డ్ వైపే మొగ్గు చూపండి. ఆర్డర్డ్, ఇన్‌స్ట్రక్టెడ్, అర్జ్‌డ్, బెగ్గ్‌డ్ ఇవన్నీ కూడా ఇదే మూసలో నడుస్తాయి, మనిషి, తర్వాత టు. వద్దని చెప్తే నాట్ టు.

ప్రశ్నని రిపోర్ట్ చేసేటప్పుడు ప్రశ్న ఆకారం పోవాలి. "హి ఆస్క్‌డ్ వేర్ డు ఐ లివ్" కాదు, "హి ఆస్క్‌డ్ వేర్ ఐ లివ్డ్". డు, డిడ్ మాయమవుతాయి, చివర క్వశ్చన్ మార్క్ కూడా. అవునా కాదా అనే ప్రశ్నైతే ఇఫ్ గానీ వెదర్ గానీ. మామూలుగా రెండూ ఒకటే, మాట్లాడేటప్పుడు ఇఫ్ తేలిక. కానీ ప్రిపోజిషన్ తర్వాత, టు ముందు, ఆర్ నాట్‌కి ఆనుకుని వచ్చినప్పుడు వెదరే రావాలి: "ది క్వశ్చన్ ఆఫ్ వెదర్", "వెదర్ టు గో", "వెదర్ ఆర్ నాట్". తేల్చుకోలేకపోతే వెదర్ రాసేయండి, ఎక్కడా తప్పు పట్టరు.

టెన్స్ వెనక్కి జరపాలా వద్దా

పట్టిక ఎప్పుడూ జరపమంటుంది. అసలు ఇంగ్లీష్‌లో మాత్రం చాలా చోట్ల ఇది మీ ఇష్టం. రిపోర్ట్ చేసే క్రియ సేస్ అని వర్తమానంలో ఉంటే జరపనే అక్కర్లేదు. సెడ్ అని ఉన్నా, అన్న విషయం ఇప్పటికీ నిజమైతే వర్తమానం ఉంచొచ్చు. "షి సెడ్ షి ఈజ్ ప్రెగ్నెంట్" అని నిన్నటి మాట ఇవాళ చెప్తే అది నిజమని మీరూ ఒప్పుకుంటున్నట్టు. "షి సెడ్ షి వాజ్ ప్రెగ్నెంట్" అంటే ఆమె అన్నదని మాత్రమే చెప్తున్నారు, తర్వాత ఏమైందో, అసలు నిజమో కాదో మీ భుజాన వేసుకోవట్లేదు. అంటే టెన్స్ జరపడం ఒకరకంగా దూరం జరగడం. మాటకి మీరు హామీగా నిలబడాలనుకుంటే వర్తమానం, నిలబడకూడదనుకుంటే భూతకాలం, ఇదీ నేను పాటించే లెక్క. అనుమానంగా ఉంటే జరిపేయండి, జరిపినందుకు ఎవరూ ఏమీ అనరు.

సింపుల్ పాస్ట్‌ని పాస్ట్ పర్ఫెక్ట్ చేయాలా అన్నది ఇంకో తలనొప్పి. తప్పనిసరి కాదు, కానీ ఒక్కో చోట చేయకపోతే అర్థం రెండుగా చీలిపోతుంది. "హి సెడ్ హి లివ్డ్ అబౌవ్ ది షాప్" తీసుకోండి. ఆయన "ఐ లివ్ అబౌవ్ ది షాప్" అన్నాడా, "ఐ లివ్డ్" అన్నాడా? ఈ వాక్యం చూసి చెప్పలేం. ఒకప్పుడు ఉండేవాడని చెప్పాలంటే "హి హ్యాడ్ లివ్డ్" అనాల్సిందే. అదే వాక్యంలో "ఇన్ 2010" లాంటి సంవత్సరం ఉంటే గందరగోళం లేదు, అప్పుడు సింపుల్ పాస్ట్ ఉంచినా నడుస్తుంది. పేరా అంతా హ్యాడ్, హ్యాడ్, హ్యాడ్ అని నింపేస్తే చదివేవాళ్లకి ఊపిరాడదు. ఒక్కసారి మొదట్లో హ్యాడ్ పెట్టి కాలం స్థిరపడ్డాక మిగతావి మామూలు పాస్ట్‌లో నడిపించండి.

విల్ వుడ్ అవుతుంది, క్యాన్ కుడ్ అవుతుంది, మే మైట్ అవుతుంది. కుడ్, వుడ్, షుడ్, మైట్ కదలవు, వాటికి వెనక్కి పోవడానికి చోటే లేదు. మస్ట్ మాత్రం చూసి అడుగేయాలి. తప్పనిసరి అన్న అర్థమైతే హ్యాడ్ టు అవుతుంది, ఊహించి చెప్పిందైతే ("హి మస్ట్ బి టైర్డ్") మస్ట్‌గానే ఉంటుంది.

టుమారో, టుడే, హియర్ లాంటి మాటల్ని గుడ్డిగా మార్చకండి. ఆయన ఉదయం "ఐ విల్ కాల్ టుమారో" అన్నాడు, మీరు సాయంత్రం చెప్తున్నారు, రేపు ఇంకా రేపే కదా. "హి సెడ్ హి వుడ్ కాల్ టుమారో" చాలు. వారం తర్వాత చెప్తుంటే ది నెక్స్ట్ డే అవసరం.

క్రియకి క్రియకి మధ్య: నిజంగా చూసుకోవాల్సిన చోటు

సజెస్ట్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే తప్పుల్లో దీనిదే అగ్రస్థానం. "హి సజెస్టెడ్ మి టు అప్లై" అన్నది ఇంగ్లీష్‌లో నిలవదు. మనకి అడ్వైజ్డ్, సజెస్టెడ్ రెండూ సలహాలే కాబట్టి రెండిటినీ ఒకేలా వాడేస్తాం, కానీ అడ్వైజ్ మనిషిని తీసుకుంటుంది ("అడ్వైజ్డ్ మి టు అప్లై"), సజెస్ట్ తీసుకోదు. సజెస్ట్‌కి రెండే దారులు. "హి సజెస్టెడ్ దట్ ఐ అప్లై" ఒకటి, "హి సజెస్టెడ్ అప్లయింగ్" ఇంకొకటి. మొదటిదాంట్లో దట్ తర్వాత క్రియ మూల రూపంలో ఉండటం అమెరికన్ ఇంగ్లీష్‌లో మామూలు, "దట్ హి గో" అనే అంటారు, గోస్ అనరు. బ్రిటిష్‌లో "దట్ హి షుడ్ గో" ఎక్కువ వినిపిస్తుంది. రికమెండ్, ప్రపోజ్, డిమాండ్ కూడా ఈ దట్ దారిలోనే వెళ్తాయి. అర్థంలో తేడా కూడా ఉంది. అడ్వైజ్ అంటే తెలిసినవాడు చెప్పడం, డాక్టరో లాయరో. సజెస్ట్ అంటే సమాన స్థాయిలో ఉన్నవాడు ఒక ఆలోచన బల్ల మీద పెట్టడం, తీసుకుంటే తీసుకో. మేనేజర్‌కి మీరు చెప్పింది రిపోర్ట్ చేసేటప్పుడు "ఐ అడ్వైజ్డ్ హిమ్" అంటే కాస్త పెద్దరికం ధ్వనిస్తుంది.

ఇన్సిస్ట్ ఇంకా తమాషా క్రియ. "షి ఇన్సిస్టెడ్ దట్ హి వాజ్ ప్రెజెంట్" అంటే అతను అక్కడే ఉన్నాడని ఆమె గట్టిగా చెప్పింది, జరిగిన విషయం. "షి ఇన్సిస్టెడ్ దట్ హి బి ప్రెజెంట్" అంటే అతను ఉండి తీరాలని పట్టుబట్టింది, జరగాల్సిన విషయం. వాజ్, బి అన్న తేడా తప్ప వాక్యంలో ఇంకేం మారలేదు. కోర్టు పత్రంలోనో విచారణ రిపోర్టులోనో ఈ రెండూ తారుమారైతే ఎంత గోల అవుతుందో ఊహించుకోండి.

డినై, రెఫ్యూజ్ మధ్య మనవాళ్లు తరచూ తడబడతారు. రెండూ కాదనడమే గానీ, డినై నింద గురించి, రెఫ్యూజ్ పని గురించి. "హి డినైడ్ టేకింగ్ ది మనీ" అంటే నేను తీసుకోలేదన్నాడు. "హి రెఫ్యూజ్డ్ టు టేక్ ది మనీ" అంటే ఇస్తుంటే వద్దన్నాడు. "హి డినైడ్ టు కమ్" అన్నది అసలు లేదు. రెఫ్యూజ్డ్ కాస్త మొరటుగా ఉంటుంది కాబట్టి, మర్యాదగా కాదన్న మనిషి గురించి డిక్లైన్డ్ వాడితే ఆయనకీ మీకూ గౌరవం.

వార్న్, థ్రెటన్ రెండిట్లోనూ చెడు జరుగుతుందనే ఉంది. కానీ వార్న్‌లో అది వింటున్నవాడి మంచికి చెప్పింది కావచ్చు, థ్రెటన్‌లో చెప్పేవాడే ఆ చెడు చేస్తానంటున్నాడు. "హి వార్న్డ్ అజ్ దట్ హి వుడ్ కంప్లెయిన్" అని రాసేదానికీ "హి థ్రెటన్డ్ టు కంప్లెయిన్" అని రాసేదానికీ మధ్య ఆయన్ని విలన్ చేయడమా వద్దా అన్నంత దూరం ఉంది. తటస్థంగా ఉండాలంటే "హి సెడ్ హి వుడ్ కంప్లెయిన్".

డౌట్, సస్పెక్ట్ జంటని కూడా చూసుకోండి. "అతనే తీశాడని డౌటు" అని మనం తెలుగులో అంటే తీసి ఉంటాడనే కదా అర్థం. ఇంగ్లీష్‌లో "ఐ డౌట్ హి టుక్ ఇట్" అంటే సరిగ్గా దానికి వ్యతిరేకం, తీసి ఉండడనుకుంటున్నాను అని. మీరు అనదల్చుకున్నది "ఐ సస్పెక్ట్ హి టుక్ ఇట్". ఫైల్ పోయిన మన కథలో ఈ ఒక్క మాట తారుమారైతే మీ సాక్ష్యం పూర్తిగా అటుది ఇటు అవుతుంది.

ఇక నింద వేసే క్రియలు. "షి అక్యూజ్డ్ హిమ్ ఆఫ్ డిలీటింగ్ ది ఫైల్", "షి క్రిటిసైజ్డ్ హిమ్ ఫర్ డిలీటింగ్ ది ఫైల్". పైకి రెండూ ఒకేలా ఉన్నాయి. చార్ల్స్ ఫిల్‌మోర్ అనే అమెరికన్ భాషా శాస్త్రవేత్త ఈ జంటని విడదీసి చూపించాడు. అక్యూజ్‌లో ఆ పని చెడ్డదన్నది ముందే ఖాయం, చేసింది అతనా కాదా అన్నదే గొడవ. క్రిటిసైజ్‌లో చేసింది అతనే అన్నది ఖాయం, అది మంచా చెడా అన్నదే గొడవ. అంటే క్రిటిసైజ్డ్ అని రాసిన క్షణంలో అతనే డిలీట్ చేశాడని మీరు ఒప్పేసుకున్నారు, ఏ విచారణా లేకుండానే. ప్రిపోజిషన్లు బట్టీ పట్టండి, అక్యూజ్‌కి ఆఫ్, బ్లేమ్‌కి ఫర్, కంగ్రాచులేట్‌కి ఆన్, అపాలజైజ్‌కి ఫర్. వీటికి లాజిక్ వెతకడం దండగ.

మీరు ఎవరి పక్షం

కొన్ని క్రియలు దట్ తర్వాత ఉన్నదాన్ని నిజమని చదివేవాళ్లతో ఒప్పించేస్తాయి. పాల్ కిపార్స్కీ, కారల్ కిపార్స్కీ అనే భాషా శాస్త్రవేత్తలు 1970లో ప్రచురించిన వ్యాసంలో వీటికి ఫ్యాక్టివ్ అని పేరు పెట్టారు. కనిపెట్టడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది, వాక్యాన్ని నాట్‌తో తిప్పి చూడటం. "హి డిడ్ నాట్ రివీల్ దట్ ది కంపెనీ వాజ్ బ్యాంక్‌రప్ట్" అంటే బయటపెట్టలేదు గానీ కంపెనీ దివాలా తీసిన మాట నిజమే. "హి డిడ్ నాట్ క్లెయిమ్ దట్ ది కంపెనీ వాజ్ బ్యాంక్‌రప్ట్" అంటే దివాలా తీసిందో లేదో మనకి తెలియదు. రివీల్, పాయింట్ అవుట్, రియలైజ్, అక్నాలెడ్జ్ లాంటివి మొదటి రకం వైపు మొగ్గుతాయి. సే, క్లెయిమ్, అలెజ్, అసర్ట్, బిలీవ్ రెండో రకం. అడ్మిట్‌లో ఇంకో పొర ఉంది, నిజమే అనడంతో పాటు అది చెప్పుకోవడానికి ఇబ్బందికరమైన విషయం అని కూడా. "షి అడ్మిటెడ్ షి వర్క్స్ ఫ్రమ్ హోమ్" అని రాస్తే ఇంటి నుంచి పనిచేయడం ఏదో నేరమన్నట్టు ఉంటుంది.

కాబట్టి నిజానిజాలు మీకు తెలియనప్పుడు పాయింటెడ్ అవుట్, రివీల్డ్ వాడకండి. అవతలి మనిషిని అనుమానించే ఉద్దేశం లేనప్పుడు క్లెయిమ్డ్ వాడకండి. అలెజ్డ్ అన్నది నేరారోపణకి సంబంధించిన మాట, దాన్ని అలంకారంగా తగిలించకండి. సెడ్ పదే పదే వస్తోందని, బాగుండదని క్లెయిమ్డ్, స్టేటెడ్, రిమార్క్‌డ్ అని మార్చి మార్చి రాసేవాళ్లని చూస్తుంటాం, వైవిధ్యం కోసమట! వార్తా సంస్థలు సెడ్‌నే ఇష్టపడటానికి కారణం బద్ధకం కాదు, అది ఎవరి పక్షమూ తీసుకోదు. ఒకే పేజీలో పదిసార్లు సెడ్ వచ్చినా చదివేవాళ్ల కన్ను దాని మీద ఆగదు.

రీసెర్చ్ పేపర్లో ఇదే లెక్క ఇంకొంచెం పట్టుగా ఉంటుంది. ఒక అధ్యయనం ప్రూవ్డ్ అనే మాటకి గణితం బయట దాదాపు చోటు లేదు. షోడ్, డిమాన్‌స్ట్రేటెడ్ అంటే ఫలితాన్ని మీరు ఒప్పుకుంటున్నారు, ఫౌండ్ అంటే వాళ్ల డేటాలో ఇది కనిపించింది, సజెస్ట్స్ అంటే సూచన మాత్రమే, ఆర్గ్యూస్ అంటే అది వాదన, ఎదుటి వాదన కూడా ఉండొచ్చు. టెన్స్ విషయంలో ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) శైలి పాత పరిశోధనల గురించి రాసేటప్పుడు పాస్ట్ గానీ ప్రెజెంట్ పర్ఫెక్ట్ గానీ వాడమంటుంది, సాహిత్య విభాగాల్లో ఎక్కువగా నడిచే ఎంఎల్‌ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) శైలి ప్రెజెంట్ వైపు ఉంటుంది. మీ డిపార్ట్‌మెంట్ ఏది అడుగుతుందో ముందు కనుక్కుని మొదలుపెట్టండి, సగంలో మార్చడం నరకం.

ఎవరన్నారో చెప్పకుండా తప్పించుకునే దారి కూడా ఉంది. "ఇట్ ఈజ్ సెడ్ దట్ హి ఓన్స్ త్రీ కంపెనీస్", లేదా "హి ఈజ్ సెడ్ టు ఓన్ త్రీ కంపెనీస్". గతంలో జరిగిందైతే "హి ఈజ్ సెడ్ టు హ్యావ్ ఓన్డ్". అన్నదెవరో నిజంగా తెలియనప్పుడు ఇది అక్కరకొస్తుంది. తెలిసీ దాచడానికి వాడితే మాత్రం చదివేవాళ్లు పసిగట్టేస్తారు, మెయిల్‌లో "ఇట్ వాజ్ మెన్షన్డ్ దట్" అని కనిపించగానే ఎవరు అన్నారు అని తిరిగి మెయిల్ వస్తుంది.

పరీక్ష రాసేవాళ్లకి వేరే మాట

పైన చెప్పిన స్వేచ్ఛలన్నీ మెయిల్‌కి, వ్యాసానికి, మాటకి. డైరెక్ట్ నుంచి ఇన్‌డైరెక్ట్‌లోకి మార్చమని ప్రశ్న వస్తే పట్టికనే నమ్ముకోండి. టెన్స్ వెనక్కి జరపండి, టుమారోని ది నెక్స్ట్ డే చేయండి, సెడ్ టు ఉంటే టోల్డ్ చేయండి, ఇప్పటికీ నిజమే కదా అని ఈజ్ ఉంచొద్దు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు లాంటి సార్వకాలిక సత్యాలకి మాత్రం ప్రెజెంట్ ఉంచమని పాఠ్యపుస్తకాలే చెప్తాయి, దాన్ని పాటించండి. ప్రశ్నలో "లెట్ అజ్ గో" ఉంటే సజెస్టెడ్, "ప్లీజ్" ఉంటే రిక్వెస్టెడ్, "హౌ బ్యూటిఫుల్!" ఉంటే ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్ అన్న పాత మూస ఉంది. ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్ అని బయట ఎవరూ మాట్లాడరు, కానీ మార్కులిచ్చే మనిషి అదే వెతుకుతుంటాడు, రాసేసి బయటికొచ్చాక మర్చిపోండి. రైటింగ్, స్పీకింగ్ పరీక్షలైతే అంత గీతలు గీసుకోనక్కర్లేదు, అక్కడ సజెస్టెడ్ మి టు, టోల్డ్ దట్, డిస్కస్డ్ అబౌట్ ఈ మూడూ దొర్లకుండా చూసుకుంటే చాలావరకు గట్టెక్కినట్టే.